ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2: మోడరేట్ నుంచి ఎక్స్‌ట్రీమ్ దాకా ఎక్కడం ఎలా

ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 అనే కంప్యూటర్ స్ట్రాటజీ గేమ్‌లో మోడరేట్ లెవెల్‌ను కళ్ళు మూసుకుని గెలుస్తున్నారు. ధైర్యం చేసి హార్డ్ పెడితే మాత్రం పదిహేనో నిమిషానికల్లా గంట మోగించి, విలేజర్లందరినీ (ఆటలో పనిచేసే ఊరి మనుషులు) ఊరి నడిమి భవనమైన టౌన్ సెంటర్‌లో దాచి, బయట ఇళ్ళు తగలబడుతుంటే చూస్తూ కూర్చుంటున్నారు. మీ పరిస్థితి ఇదే అయితే చదవండి. నేనూ అక్కడే రెండేళ్ళు ఇరుక్కుపోయాను.

అనంతపురంలో ఇంజనీరింగ్ చదివే రోజుల్లో సప్తగిరి సర్కిల్ దగ్గర ఒక నెట్ సెంటర్‌లో గంటల లెక్కన డబ్బులు కట్టి ఆడేవాళ్ళం. అందరిదీ ఒకటే పద్ధతి. బ్లాక్ ఫారెస్ట్ మ్యాప్ పెట్టు, అడవి సందులో గోడ కట్టు, లోపల కూర్చుని ఊరు పెంచు, చివర్లో ఏనుగులేసుకుని పో. చాలాసార్లు యుద్ధం మొదలయ్యేలోపే మేం కట్టిన గంట అయిపోయేది. ఆ తర్వాత ఎన్నో ఏళ్ళకు అదే ఆటకు కొత్త రూపమైన డెఫినిటివ్ ఎడిషన్ కొనుక్కుని అదే పద్ధతిలో ఆడుతుంటే, పక్కన కూర్చున్న మా మేనల్లుడు కాసేపు చూసి అన్నాడు: "మామా, నువ్వు ఊరు కడతాండావు. ఆట యాడ ఆడ్తాండావు?"

అప్పుడు కోపమొచ్చింది గానీ వాడన్నది నిజం. కింది లెవెల్ ఏ అలవాటును చూసీ చూడనట్టు వదిలేస్తుందో, పై లెవెల్ సరిగ్గా అక్కడే కొడుతుంది. ఒక్కో మెట్టు దగ్గర ఒక్కో పాత అలవాటు వదిలించుకుంటూ పోవాలి. ఏ మెట్టుకు ఏ అలవాటో కింద చెప్తాను.

ముందు, కష్టం ఎక్కడినుంచి వస్తోందో తెలుసుకోండి

స్ట్రాటజీ గేముల్లో లెవెల్ పెంచడానికి రెండు దారులున్నాయి. ఒకటి, కంప్యూటర్‌కు అదనంగా సరుకు ఇచ్చేయడం. సివిలైజేషన్ 6 అనే ఇంకో ఆట అలాంటిదే. అందులో సెట్లర్ నుంచి డీటీ దాకా 8 లెవెళ్ళు. మధ్యలో ఉన్న ప్రిన్స్ దగ్గర ఇద్దరూ సమానం. డీటీకి వచ్చేసరికి మీరు ఒక సెట్లర్‌తో (కొత్త ఊరు కట్టే మనిషి) మొదలుపెడితే అవతలివాడు ముగ్గురితో మొదలుపెడతాడు, పైగా వాడి ఉత్పత్తి 80 శాతం ఎక్కువ. అక్కడ వాడితో సమానంగా ఊళ్ళు కట్టాలని చూస్తే అయ్యే పని కాదు. వెనకబడి ఉన్నామని ఒప్పుకునే ఆడాలి.

రెండో దారి, కంప్యూటర్‌కు మెరుగ్గా ఆడటం నేర్పించడం. 2019లో వచ్చిన డెఫినిటివ్ ఎడిషన్ ఈ రకం. ఈజియెస్ట్, స్టాండర్డ్, మోడరేట్, హార్డ్, హార్డెస్ట్, ఎక్స్‌ట్రీమ్ అని 6 లెవెళ్ళు. 1999 నాటి పాత ఆటలో హార్డెస్ట్ పెడితే కంప్యూటర్‌కు పైనుంచి ఊరికే సరుకు పడేది. ఇప్పుడు ఎక్స్‌ట్రీమ్‌లో కూడా అలా పడదు. మీకున్న ముగ్గురు విలేజర్లే దానికీ, మీకున్న 200 ఆహారమే దానికీ. అంటే అది మీకంటే ముందుందంటే ఎక్కడో మీరు పోగొట్టుకున్నారనే అర్థం. పోగొట్టుకున్నది ఎక్కడో వెతికితే దొరుకుతుంది. నాకు ఈ ఆట మీద గౌరవం పెరిగింది ఈ విషయం తెలిశాకే.

పైకెక్కే ముందు ఒక చిన్న పరీక్ష

ఇప్పుడున్న లెవెల్‌లోనే అరేబియా మ్యాప్ పెట్టి, ఒకే సివ్ (సివిలైజేషన్, అంటే మీరు ఆడే జాతి) తీసుకుని, వరసగా మూడుసార్లు గెలవండి. అరేబియా చాలా వరకు బయలు. దాక్కోవడానికి చోటుండదు, అందుకే అది. బ్లాక్ ఫారెస్ట్‌లో గెలుపులు లెక్కలోకి రావు. ఇది నేను పెట్టుకున్న నియమమే, ఆటలో ఎక్కడా రాసిలేదు.

ఒకే సివ్ అని ఎందుకంటున్నానంటే, సివ్ మార్చినప్పుడల్లా ఓటమికి కారణం అదేనేమో అన్న అనుమానం మిగిలిపోతుంది. నేర్చుకునేవాళ్ళకు బ్రిటన్స్ మంచిది, గొర్రెల దగ్గర పని వేగంగా సాగుతుంది, విల్లుకాళ్ళు బలంగా ఉంటారు. నేను మాత్రం మన దక్షిణాదివాళ్ళు కదా అని 2022లో వచ్చిన ద్రవిడియన్స్ తీసుకున్నాను. ఏజ్ (ఆటలో ఒక్కో దశ) మారినప్పుడల్లా 200 కలప ఊరికే వస్తుంది, అది సుఖం. నైట్లు (బలమైన గుర్రపు యోధులు) లేరు, అది కష్టం. విలేజర్లు తెలుగులో పలుకుతారని ఆశపడ్డాను, అరవం మాట్లాడారు. సరే, పక్కింటివాళ్ళే కదా.

మోడరేట్ నుంచి హార్డ్‌కు: టౌన్ సెంటర్ ఖాళీగా ఉండకూడదు

ఇదే అన్నిటికంటే పెద్ద మెట్టు. దీని దగ్గర నెల పట్టినా ఫర్వాలేదు.

లెక్క చాలా సులువు. ఒక విలేజర్ తయారవడానికి 50 ఆహారం, 25 సెకన్లు. మొదట్లో మీకు ముగ్గురున్నారు. 22 మంది విలేజర్లయ్యాక రెండో దశ అయిన ఫ్యూడల్ ఏజ్‌కు మారే బటన్ నొక్కాలనుకోండి. ఇంకా 19 మంది కావాలి, 475 సెకన్లు. మధ్యలో లూమ్‌కు (విలేజర్ల ప్రాణం పెంచే పరిశోధన) ఇంకో 25. మొత్తం 500 సెకన్లు, అంటే ఆట గడియారంలో 8:20. ఫ్యూడల్‌కు మారడానికి 130 సెకన్లు పడుతుంది కాబట్టి 10:30కి మీరు ఫ్యూడల్‌లో ఉండాలి.

నేను మొదటిసారి ఈ లెక్క పెట్టుకుని నా ఆట చూసుకుంటే 11:40కి నొక్కాను. 200 సెకన్లు తేడా. 25తో భాగిస్తే ఎనిమిది మంది. యుద్ధం అన్న మాటే రాకముందు ఎనిమిది మంది విలేజర్లను పోగొట్టుకుని, హార్డ్ లెవెల్ అన్యాయమని తిట్టుకుంటున్నాను.

టౌన్ సెంటర్ ఖాళీ కావడానికి కారణాలు మూడే. ఇళ్ళు లేకపోవడం, ఆహారం లేకపోవడం, మీ కళ్ళు వేరేచోట ఉండటం.

ఇళ్ళ సంగతి మొదటి సెకనులోనే చూడాలి. మొదట ఐదుగురికే చోటుంటుంది, స్కౌట్‌తో (దారులు వెతికే గుర్రపు రౌతు) కలిపి నలుగురు అప్పటికే ఉన్నారు. అందుకని ఆట మొదలవగానే విలేజర్ల తయారీ నొక్కి, ఉన్న ముగ్గురిలో ఇద్దరితో ఒక ఇల్లు, మూడోవాడితో ఇంకో ఇల్లు కట్టించండి. ఇల్లు 25 కలప, ఐదుగురికి చోటు. ఆ తర్వాత కూడా ఖాళీ రెండుకు దిగిందంటే ఇంకో ఇల్లు మొదలైపోవాలి.

కళ్ళ సంగతికి మందు కీబోర్డే. హెచ్ నొక్కితే టౌన్ సెంటర్, క్యూ నొక్కితే విలేజర్. యుద్ధం మధ్యలో ఉన్నా, స్కౌట్‌ను నడుపుతున్నా, ఎడమ చెయ్యి హెచ్, క్యూ అని కొడుతూనే ఉండాలి. మొదట్లో నేను మనసులో లెక్కపెట్టుకునేవాణ్ణి. వారానికి వేళ్ళకు అలవాటైపోయింది. మౌస్‌తో టౌన్ సెంటర్ దగ్గరికి వెళ్ళి నొక్కే అలవాటుంటే ఇప్పుడే మానేయండి. హార్డ్ దాటాలంటే అది కుదరదు.

ఇక ఆహారం. మొదటి ఆరుగురిని టౌన్ సెంటర్ కిందే గొర్రెల మీద పెట్టండి. ఒక గొర్రె అయ్యాకే ఇంకొకటి కొయ్యండి, కోసిన మాంసం చెడిపోతూ ఉంటుంది. తర్వాతి నలుగురు కలపకు. పదకొండోవాణ్ణి అడవిపంది కోసం పంపండి. ఆ తర్వాతి నలుగురు మిల్లు కట్టి రేగుపొదల దగ్గరికి. ఈలోగా రెండో పంది. మిగతావాళ్ళంతా ఎక్కువగా కలపకే.

అడవిపంది దగ్గర కాసేపు ఆగుదాం

చాలామంది పందిని వదిలేసి త్వరగా పొలాలు వేసేస్తారు. మోడరేట్‌లో సాగిపోతుంది. కానీ ఒక్కో పందికి 340 ఆహారం ఉంటుంది, గొర్రెకు 100. రెండు పందులంటే దాదాపు ఏడు గొర్రెల లెక్క. పొలం వేస్తే 60 కలప పోయి 175 ఆహారం, అదీ నెమ్మదిగా వస్తుంది.

మా చిన్నాయన వాళ్ళకు ధర్మవరం వైపు చెనిక్కాయ చేను ఉండేది. రాత్రిపూట పందులు పడితే తెల్లారేసరికి సాళ్ళన్నీ తవ్వి పోసేవి. రేకు డబ్బాలు కొట్టుకుంటూ కాపలా పడుకునేవాళ్ళం. పంది మనిషి మీదికొస్తే ఎలా వస్తుందో చూసినవాణ్ణి కాబట్టి ఆటలో కూడా చాలాకాలం దాని జోలికి పోలేదు. భయపడాల్సింది లేదు, ఇలా చెయ్యండి.

ఒక్క విలేజర్‌నే పంపండి. ఇద్దరు ముగ్గురు పోతే అక్కడే చంపేస్తారు, మాంసం మోసుకుంటూ నడవడానికే సమయమంతా పోతుంది. ఆ ఒక్కడు రెండు బాణాలు వెయ్యగానే వెనక్కి టౌన్ సెంటర్ వైపు పరుగెత్తించండి. మూడోది వేద్దామని నిలబడితే చచ్చాడే. విలేజర్‌కు 25 ప్రాణం మాత్రమే, లూమ్ చేసి ఉంటే 40. పంది వెంటపడుతుంది. టౌన్ సెంటర్ దగ్గరకు రాగానే గొర్రెల దగ్గరున్న వాళ్ళందరినీ ఎంచుకుని పంది మీద నొక్కండి. పారిపోయి వచ్చినవాణ్ణి మాత్రం దూరంగా నడిపిస్తూ ఉండండి, వాడు ఆగితే పంది వాణ్ణే కొడుతుంది.

మొదటి పందిలో మాంసం సగానికి దిగుతుండగా ఇంకొకణ్ణి రెండో పంది దగ్గరికి పంపండి. మొదటిసారి పోయినవాడు దెబ్బలు తిని ఉంటాడు, మళ్ళీ వాణ్ణే పంపకండి.

ఇదొక్కటే పదిసార్లు సాధన చెయ్యండి. పంది పని అయిపోగానే ఆట ఆపేసి మళ్ళీ మొదలుపెట్టండి. గెలుపు ఓటముల గొడవ లేకుండా ఐదారు నిమిషాల్లో ఒక పాఠం అయిపోతుంది. ఆటలోనే ఆర్ట్ ఆఫ్ వార్ అని సాధన మిషన్లు కూడా ఉన్నాయి, కంచు, వెండి, బంగారు పతకాలతో. మొదటి ఏజ్‌ల సంపాదన మీద ఉన్నదాంట్లో వెండి వస్తే చాలు. బంగారం కోసం పంతాలకు పోవద్దు, అది వేరే పిచ్చి.

హార్డ్‌లో నిలబడటం: చూసి చెయ్యండి

మోడరేట్‌లో మీకు నచ్చిన సైన్యం చేసుకుని పోవచ్చు. హార్డ్‌లో అవతలివాడు ఏం చేస్తున్నాడో చూసి దానికి సరిపడా చెయ్యాలి. స్కౌట్ మొదట మీ గొర్రెలను, పందులను వెతుకుతుంది. ఆ పని అయ్యాక దాన్ని ఊరి మూల నిలబెట్టడం పాత అలవాటు. తొమ్మిది పది నిమిషాలప్పుడు దాన్ని శత్రువు ఊరి చుట్టూ ఒకసారి తిప్పండి. గుర్రపు సాల కనిపిస్తే ఈటెవాళ్ళు. విల్లుకాళ్ళ భవనం కనిపిస్తే స్కర్మిషర్లు (విల్లుకాళ్ళ మీదికి బల్లేలు విసిరేవాళ్ళు). రెండింటిలో దేనికీ బంగారం అక్కర్లేదు: ఈటెవాడికి 35 ఆహారం, 25 కలప, స్కర్మిషర్‌కు 25 ఆహారం, 35 కలప. విల్లుకాళ్ళ కోసం అవతలివాడు బంగారం పోస్తాడు, మీరు వాళ్ళను ఆహారం, కట్టెలతోనే ఆపుతున్నారు. మీ బంగారం మూడో దశ అయిన కాజిల్ ఏజ్‌కు మిగులుతుంది.

అరడజను మందిని చేసి ఇక చాలనుకోవద్దు. వాళ్ళు పోరాడుతుండగానే వెనక ఇంకో నలుగురు తయారవుతూ ఉండాలి.

హార్డెస్ట్: రాయి దాచుకోండి, మిగతావి ఖర్చుపెట్టండి

ఇక్కడ వదిలించుకోవాల్సింది పిసినారితనం. మాట తిరగేసినట్టుందా? కింది లెవెల్‌లో 2000 ఆహారం, 1500 కలప పోగుపడ్డాయని సంతోషపడతాం. హార్డెస్ట్‌లో స్క్రీన్ పైన ఆ అంకెలు పెద్దవిగా ఉన్నాయంటే అది చేతకాని డబ్బు. ఫ్యూడల్‌లో ఆహారం గానీ కలప గానీ 500 దాటిందంటే ఇంకో సైనిక భవనమో, పొలాలో, కమ్మరి దగ్గర పనో మొదలుపెట్టండి. కాజిల్ ఏజ్ కోసం 800 ఆహారం, 200 బంగారం కూడబెడుతున్నప్పుడు మాత్రం మినహాయింపు.

రాయి దగ్గర మాత్రం దీనికి పూర్తిగా ఎదురు. మొదట్లో అందరికీ 200 రాయి ఇస్తారు. కాజిల్ ఏజ్‌లో కొత్త టౌన్ సెంటర్‌కు 275 కలప, 100 రాయి కావాలి. అంటే గని తవ్వకుండానే రెండు టౌన్ సెంటర్లకు సరిపడా రాయి మొదటినుంచీ మీ దగ్గరే ఉంది. ఫ్యూడల్‌లో భయపడి ఒక్క వాచ్ టవర్ కట్టారనుకోండి, 125 రాయి పోయింది. మిగిలిన 75తో ఒక్క టౌన్ సెంటర్ కూడా రాదు. టవర్ కట్టాక ఎన్నిసార్లు "హమ్మయ్య" అనుకున్నానో, అన్నిసార్లూ ఇరవయ్యో నిమిషంలో వెనకబడ్డాను. మూడు టౌన్ సెంటర్లతో ఒకేసారి విలేజర్లు వస్తుంటే ఊరు ఎలా పెరుగుతుందో ఒకసారి చూస్తే ఇక టవర్ జోలికి పోరు.

మరి కాపాడుకోవడం ఎలా? గండికోట వెళ్ళినవాళ్ళు గుర్తుచేసుకోండి. ఒకపక్క పెన్న లోయే గోడ. మనుషులు కట్టింది మిగతా పక్కల. ఆటలోనూ అంతే: మీ ఊరి చుట్టూ ఉన్న అడవులు, కొండలు ఎక్కడున్నాయో చూసుకుని, మధ్యలో సందులకు మాత్రం కర్ర కంచె వెయ్యండి. ఇళ్ళు కూడా గోడలే, ఎలాగూ కట్టాలి కాబట్టి సందుల్లో కట్టండి. కంచె శత్రువును ఆపదు, కాసేపు ఆలస్యం చేస్తుంది. ఆ కాసేపట్లో ఈటెవాళ్ళు అక్కడికి చేరాలి.

ఎక్స్‌ట్రీమ్: మొదట గెలవాలని ఆడకండి

మొదటి ఐదు ఆటలకు నా లక్ష్యం ఒకటే, 25 నిమిషాలు బతకడం. గెలవాలని పోతే చిరాకుతో మళ్ళీ కిందికి దిగిపోతారు, నేను దిగాను కూడా.

రెండు సులువులు వాడుకోవచ్చు, సిగ్గుపడక్కర్లేదు. మొదటిది ఆట వేగం. మామూలు వేగం 1.7. కొత్త లెవెల్‌లో మొదటి రెండు ఆటలు 1.5లోనో 1.0లోనో ఆడి మళ్ళీ మామూలుకు వచ్చేయండి. రెండోది ఇద్దరికిద్దరు ఆట. మీ పక్కన కూడా ఒక ఎక్స్‌ట్రీమ్ కంప్యూటర్‌ను పెట్టుకుంటే దెబ్బ సగం దాని మీద పడుతుంది, అది ఎప్పుడు ఏం చేస్తోందో దగ్గరినుంచి చూసే అవకాశం కూడా. నేను ఫ్యూడల్‌లో కలపకు ఎక్కువమందిని పెట్టడం నేర్చుకున్నది అలా పక్కవాణ్ణి చూసే.

ఎనిమిదో నిమిషం దగ్గర ఒకసారి సేవ్ చేసుకోండి. ఓడిపోతే మొదటికి పోకుండా అక్కడినుంచే ఆడి, అదే దాడిని మళ్ళీ మళ్ళీ ఎదుర్కోవచ్చు. ఎండాకాలం మధ్యాన్నం కరెంటు పోయే ఊళ్ళలో ఉన్నవాళ్ళకు సేవ్ చేసుకోమని వేరే చెప్పాలా.

ద్వీపాల మ్యాప్ పెట్టి గెలవడం, కంప్యూటర్ తికమకపడేలా గోడల్లో చిన్న సందు వదిలి ఏమార్చడం లాంటి చిట్కాలు చాలామంది చెప్తారు. గెలుస్తారు. కానీ రేపు మనిషితో ఆడినప్పుడు ఏమీ మిగలదు, నేను వాటిని వాడను.

ఓడిన తర్వాత చెయ్యాల్సిన పని

ఆట అయిపోగానే వచ్చే పట్టికలో టెక్నాలజీ పేజీకి వెళ్ళండి. ఎవరు ఏ నిమిషానికి ఏ ఏజ్‌కు చేరారో అక్కడ ఉంటుంది. ఫ్యూడల్‌లోనే వెనకబడితే మొదటి మెట్టుకు వెళ్ళి టౌన్ సెంటర్ పని చూడండి. ఫ్యూడల్ సమానంగా ఉండి కాజిల్‌లో వెనకబడితే సైన్యం మీద ఎక్కువ పోశారో, పొలాలు తక్కువయ్యాయో. రెండూ సమానంగా ఉండి ఓడితే, అప్పుడు యుద్ధం గురించి ఆలోచించండి. నా ఆటల్లో ఆ మూడో రకం చాలా తక్కువ.

ఆ తర్వాత రికార్డయిన ఆటను తెరిచి, మొదటి ఇరవై నిమిషాలు వేగంగా తిప్పుతూ చూడండి. మీ సైన్యాన్ని చూడకండి, విలేజర్లను మాత్రమే చూడండి. పని లేకుండా నిలబడ్డవాళ్ళను ఆటలో చుక్క కీ నొక్కితే చూపిస్తుంది, కానీ దాన్ని నొక్కాలని గుర్తుండాలి కదా.

మొన్న ఆదివారం ఎక్స్‌ట్రీమ్‌లో దాదాపు గెలిచే ఆట ఓడిపోయాను. పొద్దున్నే ఉగ్గాని, బజ్జీ ప్లేటు పక్కన పెట్టుకుని మేనల్లుడితో కలిసి రీప్లే చూస్తున్నాను. పదిహేడో నిమిషంలో మా ఈటెవాళ్ళు గుర్రాలను తరిమికొడుతుంటే భలే ఉందని నేను అక్కడే చూస్తున్నాను. వాడు మౌస్ లాక్కుని మిల్లు దగ్గరికి తీసుకుపోయాడు. పండ్లు అయిపోయిన పొదల పక్కన ముగ్గురు విలేజర్లు చేతులూపుకుంటూ నిలబడి ఉన్నారు. వేగం పెంచాడు. పద్దెనిమిది, పంతొమ్మిది, ఇరవై ఒకటి. అక్కడే ఉన్నారు.

"వీళ్ళకు కూలి ఎంతిస్తాండావు మామా?"